పిచ్చుకా, బండి చప్పుడు తగ్గింది

జూన్ 3

పిచ్చుకా,

నీ ఒంట్లో ఎలా ఉంది? మీ అమ్మ నడుంనొప్పి తగ్గిందా, ఇంకా నీళ్ళ బకెట్లు మోస్తూనే ఉందా? మీ నాన్న దగ్గుమందు తాగుతున్నాడా, సీసా అలమారులో పెట్టి రోజూ చూసుకుంటున్నాడా? మీ పక్కవాటా టీచరమ్మకి కంటి కట్టు విప్పారా? ఆఖరుగా, మీ ఆఫీసు గదిలో బిగించి నడిపిస్తున్నామన్నావే, ఆ ఇంజిన్‌కి ఎలా ఉంది? నవ్వకు. పొద్దస్తమానం దాని పక్కనే ఉంటావు కాబట్టి దాని ఆరోగ్యం కూడా నాకు కావాలి.

ఇక్కడ నా మోకాళ్ళు ఎప్పటిలాగే వాన రాకముందే వానని చెబుతున్నాయి. మీ అత్తయ్యకి జలుబు. మీ మామయ్య ఒంట్లో బాగున్నాడు, మనసులో బాగాలేడు. బండికైతే అసలు బాగాలేదు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో నీ మాటలు సగం నా చెవిదాకా రావు, వచ్చిన సగం మీ అత్తయ్య లాక్కుంటుంది. ఉత్తరమైతే కళ్ళజోడు పెట్టుకుని ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు.

సంగతేమిటంటే, మన వ్యాను ఎగువ రోడ్డు ఎక్కలేకపోతోంది. ఆసుపత్రి ఆ పైనే కదా. రక్తం శుభ్రం చేయించుకునేవాళ్ళని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని పైకి తీసుకెళ్ళడమే మీ మామయ్య పని. సోమవారం నాడు నీళ్ళ ట్యాంకు మలుపు దగ్గర బండి రొప్పి రొప్పి ఆగింది. ఇద్దరు దిగి నడిచారట, పిచ్చుకా. వాళ్ళు అసలు నడవలేకే కదా బండి ఎక్కింది! ఆసుపత్రి ఆయన, ‘మళ్ళీ ఇలా అయితే వేరే బండి చూసుకుంటాం’ అన్నాడట. మంచిగానే అన్నాడట. మంచిగా అంటేనే నాకు భయం.

బండిని గ్యాసుకి మార్చమని కిందటేడు చెప్పింది నువ్వే అని మీ మామయ్య పైకి అనడు. కంచంలోకి చూస్తూ కూర్చుంటాడు.

నా దిగుళ్ళు నావి. వెనక సీటు కింద అంత పెద్ద సిలిండరు ఉంటే నాకు నిద్ర ఎలా పడుతుంది? రోజూ సాయంత్రం సబ్బు నురగ చేసి గొట్టాల బిగింపుల మీద రాస్తాను. బుడగ రాలేదంటేనే భోజనానికి కూర్చుంటాను. ‘బండికి స్నానం చేయించావా అమ్మా?’ అని వేళాకోళం చేసేవాడు మీ మామయ్య. ఇప్పుడు అదీ లేదు.

ఇన్నిట్లో ఒక్కటే నయం. ముందు సీటు కింద నుంచి కుట్టుమిషను తొక్కినట్టు టకటకమని వచ్చేదే, వింటే నాకు గుండెదడ వచ్చేదే, ఆ చప్పుడు ఈమధ్య తగ్గుతోంది. నా మొర ఎవరో విన్నారు.

ఒకటి అడుగుతాను, విసుక్కోకు. పొయ్యి మీద మంట కంటికి కనిపిస్తుంది. ఇంజిన్లో మంట ఎక్కడుంటుంది? ఉంటే బండి ఎందుకు అంటుకోదు? లేకపోతే ఎలా నడుస్తుంది? ఇన్నేళ్ళు అందులో కూర్చుని తిరిగాను గానీ ఎప్పుడూ అడగలేదు.

చీకటి పడకముందే ఇల్లు చేరు.

దిగులుతో,
అమ్మమ్మ


జూన్ 9

అమ్మమ్మా,

వరసగా చెబుతాను. అమ్మ ఇంకా బకెట్లు మోస్తోంది. నాన్న సీసా ఇంకా నిండుగానే ఉంది. టీచరమ్మకి కట్టు విప్పారు, ఇప్పుడు మా కిటికీ మీద దుమ్ము కూడా కనిపిస్తోందట, రోజూ చెబుతోంది. మా ఇంజిన్ కులాసా. నేను దాని పక్కన ఉండను. అది మందపాటి గాజుగోడకి అవతల ఉంటుంది, నేను ఇవతల. చెవులకి మూతలు పెట్టుకుని తెర మీద అంకెలు చూస్తుంటాను. కాబట్టి నా గురించి హాయిగా పడుకో.

నీ ప్రశ్న మా పెద్దసారు అడిగే ప్రశ్నల కన్నా బాగుంది. ఇంజిన్లో మంట అంటుకుని ఆరిపోతూ ఉంటుంది, మళ్ళీ అంటుకుంటుంది. నువ్వు రెప్ప వేసి తీసేలోపు ఎన్నోసార్లు. అంటుకున్నప్పుడల్లా అది ఒక తోపు తోస్తుంది, ఆ తోపే బండిని నడిపిస్తుంది. మందపాటి ఇనుప డబ్బాలో జరుగుతుంది కాబట్టి బయటికి కనిపించదు.

ఇక ఎగువ రోడ్డు సంగతి. ఇంజిన్ ఒక్కో గుక్కకి ఇంతే పీల్చగలదు. పెట్రోలు సన్నటి తుంపరగా వచ్చి ఒక మూల ఒదిగి కూర్చుంటుంది. గ్యాసు అలా కాదు. బస్సులో ఇద్దరి సీట్లో ఒళ్ళు పరుచుకుని కూర్చునే మనిషి లాంటిది. దాని పక్కన గాలికి చోటు చాలదు. గాలి తగ్గితే మంట తగ్గుతుంది, మంట తగ్గితే తోపు తగ్గుతుంది. పెట్రోలు బండిని గ్యాసుకి మారిస్తే పదిపాళ్ళలో ఒక పాలు బలం తగ్గడం మామూలే.

ఆ పాలుని తిరిగి తెచ్చుకోవడమే ఇక్కడ మా పని. గ్యాసుకి ఒక మంచి గుణం ఉంది, నిప్పు తగలకముందు ఇంజిన్ దాన్ని ఎంత గట్టిగా నొక్కినా తొందరపడి అంటుకోదు. పెట్రోలు అలా నొక్కితే వేళకాని వేళ భగ్గుమంటుంది. అందుకని మేం కొత్తగా చేసే ఇంజిన్లలో ఇంకా గట్టిగా నొక్కి చూస్తున్నాం. గాలి ముందు వచ్చి కూర్చున్నాక, తలుపు వేసేసి, ఆ తర్వాత గ్యాసుని లోపలికి చిమ్మితే ఎలా ఉంటుందో అదీ చూస్తున్నాం.

అయినా ఒక్క పాలు తగ్గితే మనుషులు దిగి నడవక్కర్లేదు. ఇంకేదో ఉంది. మెకానిక్‌ని ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు చూడమను. మామయ్యని ఏమీ అనుకోవద్దను. నేను ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

వచ్చే వారం మా ఇంజిన్‌ని విప్పేస్తున్నాం. పని ఎక్కువ. ఉత్తరం ఆలస్యమైతే నాకేదో అయిందనుకోకు.

నీ పిచ్చుక


జూన్ 16

పిచ్చుకా,

ముందు నీ సంగతి. ఇంజిన్‌ని విప్పేస్తున్నామని ఎంత తేలిగ్గా రాశావు! అంత కులాసాగా ఉన్నదానికి ఉన్నట్టుండి ఏమొచ్చింది? పైనవాళ్ళు నిన్నేమైనా అన్నారా? నీ ఉద్యోగానికి ముప్పు లేదు కదా? మీ అమ్మకి నేను చెప్పలేదు. నువ్వే నెమ్మదిగా చెప్పు, నడుం పట్టేసినప్పుడు మాత్రం చెప్పకు. మీ నాన్న దగ్గుకీ, ఆ టీచరమ్మ కంటికీ నా దీవెనలు.

ఇక్కడ గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. నీ ఉత్తరం భోజనాల దగ్గర పైకి చదివాను. మంచి చేద్దామనే చదివాను. బస్సు సీటు మాటకి మీ అత్తయ్య నవ్వింది. మీ మామయ్య కూడా సగం నవ్వాడు. పదిపాళ్ళలో ఒక పాలు తగ్గడం మామూలే అన్న చోటికి రాగానే కంచంలో చెయ్యి ఆగిపోయింది.

‘మామూలేనా? అంటే దానికి ముందే తెలుసన్నమాట.’

‘తెలియక కాదులేరా, అది చదువుకున్న పిల్ల...’

‘నేనూ అదే అంటున్నాను. చదువుకున్న పిల్ల కాబట్టే దాని మాట మీద మార్చాను. బలం తగ్గుతుందని అప్పుడే ఒక్క ముక్క చెబితే ఎగువ రోడ్డు సంగతి నేను ఆలోచించుకునేవాణ్ణి కదా? వాళ్ళ గాజుగదిలో ఎగువ రోడ్లు ఉండవమ్మా.’

చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. మీ అత్తయ్య నావైపు చూసింది. నేను ఉత్తరం వైపు చూశాను. నువ్వు చెప్పావా, చెప్పలేదా? నాకు మింగుడు పడటం లేదు. అది చెప్పకుండా దాచే పిల్ల కాదని నా మనసుకి తెలుసు. మనసు మాట వాడు వినడు కదా.

మెకానిక్‌కి మాత్రం నువ్వు రాసింది చెప్పాను. ఫిల్టరు డబ్బా మూత తీసి చూసి తెల్లబోయాడు. ‘పెద్దమ్మా, ఈ ఊళ్ళో ఇంత శుభ్రమైన ఫిల్టరు నేను చూడలేదు. కొత్తదాని కన్నా కొత్తగా ఉంది’ అన్నాడు. ఉండదూ మరి! అది నా చలవే. ఎదురుగా మేడ కడుతున్నారు, సిమెంటు దుమ్ము వాకిట్లోకి వచ్చి పడుతోంది. ఆ దుమ్మంతా ఇంజిన్ మింగితే దానికీ మీ నాన్నలాగే దగ్గు పట్టుకోదూ? గాలి పీల్చే గొట్టం మూతి కింద ఉంటుంది కదా, వంగితే చెయ్యి అందుతుంది. నా పాత మెత్తటి చీర చించి, రెండు మడతలు వేసి దానికి కట్టాను. రెండు వారాలకోసారి ఉతికి మళ్ళీ కడతాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే దానికీ వేళాకోళం చేస్తారు.

ప్లగ్గులు మార్చాడు. కొంచెం తేడా ఉందట. ట్యాంకు మలుపు దాటుతోంది గానీ పైదాకా ఉస్సూరుమంటూనే వెళుతోంది. మీ మామయ్య ఇప్పుడు అందరినీ ఒకేసారి ఎక్కించుకోవడం మానేసి రెండు విడతలుగా తీసుకెళుతున్నాడు. తెల్లారకముందే లేస్తాడు.

నాకు ఇంకో అనుమానం. గ్యాసు తొందరపడి అంటుకోదన్నావు. మరి అంటుకున్నాక మంట పాకడం కూడా నిదానమేనా? ఎందుకడుగుతున్నానంటే, మా చిన్నప్పుడు తడికట్టెలైతే పొయ్యి ముందుగానే అంటించేవాళ్ళం. అలాంటిదేమైనా ఉంటుందా?

నా పిచ్చి అనుకుంటే జవాబు రాయకు. రాయకపోతే మాత్రం నీకేదో అయిందనుకుంటాను.

అమ్మమ్మ


జూన్ 21

అమ్మమ్మా!

నాకు ఏమీ కాలేదు. ఉద్యోగానికి ఏమీ కాలేదు. మేం ఇంజిన్‌ని విప్పేది లోపల ఏది ఎంత అరిగిందో కొలవడానికే. అది మా రోజువారీ పని. నువ్వు అమ్మకి చెప్పలేదని రాసి, నాన్నకి మాత్రం ఫోన్ చేసి ‘పిల్లని ఏమీ అనకు’ అన్నావట. నాన్న రెండు రోజులుగా నాతో మెత్తమెత్తగా మాట్లాడుతున్నాడు. కారణం ఇవాళ తెలిసింది. దగ్గుమందు కూడా తాగాడు, దిగులుకి.

మొదటి పని. ఈ ఉత్తరం పక్కన పెట్టి, వెళ్ళి ఆ గుడ్డ విప్పెయ్. ఇప్పుడే. ఇంజిన్ గాలి చాలక రొప్పుతోందని నేను రాస్తే, దాని మూతికి రెండు మడతల చీర కట్టానని నువ్వు రాస్తున్నావు. దుమ్ము ఆపడానికే లోపల ఫిల్టరు ఉంది. దాని పని దాన్ని చెయ్యనీ. ఫిల్టరు మాసిపోవడమే దానికి గౌరవం.

రెండోది. నీ తడికట్టెల మాట చదివి ఎంతసేపు నవ్వుకున్నానో! అదే, అమ్మమ్మా, అచ్చం అదే. గ్యాసు మంట నిదానంగా పాకుతుంది. అందుకని నిప్పురవ్వని పెట్రోలుకి వేసే వేళ కన్నా కాస్త ముందుగా వెయ్యాలి. దాన్ని టైమింగు అంటారు. పెట్రోలు టైమింగు మీదే ఉందేమో చూసి, కొంచెం ముందుకి జరపమని మెకానిక్‌తో చెప్పు. కొంచెమే.

మూడోది మామయ్యకి. నేను చెప్పాను. బండి మార్చిన రోజు ఫోన్లో, ‘కాస్త బలం తగ్గుతుంది మామయ్యా, నీ బండికి అది తెలియదులే’ అన్నాను. ఆయన అప్పుడు గ్యాసు పట్టించుకునే చోట వరసలో ఉన్నాడు, చుట్టూ హారన్లు. ‘సరే సరే’ అన్నాడు. విన్నాడో లేదో నేను మళ్ళీ అడగలేదు. నేను దాచానని ఆయన అనుకోవడం కన్నా నన్ను తిట్టడమే నయం. తిట్టడానికైనా ఫోన్ ఎత్తమను.

ఎగువ రోడ్డు మా గాజుగదిలో లేదన్న మాట నిజం. ఆ మాట మా వాళ్ళకి కూడా చెప్పాను.

నీ పిచ్చుక


జూలై 1

పిచ్చుకా,

మీ అమ్మ, మీ నాన్న, టీచరమ్మ, ఇంజిన్, అందరూ కులాసా అనుకుంటాను. ఇంజిన్ ముక్కలు మళ్ళీ అతికించారా? ఒక్క మరమేకు కూడా మిగిలిపోకుండా చూసుకో. మీ తాత గోడగడియారం విప్పి బిగించినప్పుడల్లా ఒకటి మిగిలేది.

గుడ్డ విప్పేశాను. నేను వంగి విప్పుతుంటే మీ మామయ్య చూశాడు. ‘ఏంటమ్మా అది?’ అన్నాడు. చూపించాను. కాసేపు గుడ్డవైపు, కాసేపు నావైపు చూసి గోడకి ఆనుకుని ఒకటే నవ్వు! ‘నా బండికి ముసుగేసి ఎగువ రోడ్డు ఎక్కమన్నావా? నువ్వు మొహానికి దుప్పటి చుట్టుకుని ఎక్కు చూద్దాం’ అన్నాడు. ఎన్నాళ్ళకి నవ్వాడో. నాకు సిగ్గుగానే ఉంది గానీ వాడి నవ్వు చూస్తే ఇంకో నాలుగు గుడ్డలు కట్టాలనిపించింది.

వాడు నవ్వుతున్నప్పుడే నీ మూడో మాట చదివాను, ఇనుము వేడిగా ఉన్నప్పుడే వంచాలని. ‘హారన్లా?’ అన్నాడు. ఆలోచించాడు. ‘ఏమో, చెప్పిందేమో’ అన్నాడు. అంతవరకే. ఫోన్ మాత్రం ఎత్తనన్నాడు. ‘ఎత్తితే బండి ఎలా ఉందని అడుగుతుంది. ఏం చెప్పను?’

మెకానిక్ టైమింగు కూడా జరిపాడు. ఆ రోజు బండి పరుగు చూసి వీధి చివరదాకా నేను వెనకే వెళ్ళాను. నాలుగు రోజులు బాగుంది. తర్వాత మళ్ళీ మొదటికొచ్చింది. ఒక విచిత్రం చెబుతాను. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మొదటి విడత బాగానే ఎక్కుతుంది. తిరిగొచ్చి రెండో విడత ఎక్కేటప్పటికి సత్తువ ఉండదు. పైన ఆపితే మళ్ళీ స్టార్టు కావడానికి సతాయిస్తుంది. మనిషైతే అలిసిపోయిందనుకుంటాం, ఇనుముకి అలసట ఏమిటి?

ఇక అసలు మాట. రాయడానికి చెయ్యి రావడం లేదు. బండి అమ్మేస్తున్నాడు. కొనేవాడు వచ్చి చూసుకున్నాడు. ఈ నెల పదమూడున తీసుకెళతాడట. దూరాన ఎక్కడో గోడౌనులో లారీ నడిపే పని ఉందట, మీ మామయ్య అక్కడికి పోతానంటున్నాడు. నెలకోసారి వస్తాడట. ‘దాని తప్పు కాదులే, నా రోడ్డే ఎత్తు’ అంటాడు నీ గురించి. తిట్టినా బాగుండేది.

నీకు బరువు పెట్టాలని రాయడం లేదు. దాచానని రేపు నువ్వు అనుకుంటావని రాశాను.

ఒక్క మంచి మాటతో ముగిస్తాను, లేకపోతే నీకు నిద్ర పట్టదు. ఆ టకటక పూర్తిగా ఆగిపోయింది. నిన్న పొద్దున బండి ఎప్పుడు వాకిలి దాటిందో నాకు తెలియనే లేదు, అంత మెత్తగా వెళ్ళింది. కొనేవాడు కూడా చెవి పెట్టి విని, ‘ఇంజిన్ నెమ్మదస్తురాలు’ అని మెచ్చుకున్నాడు. మెకానిక్ కూడా కుదురుకుందన్నాడు. నా గుండెదడ ఒకటి తీరింది. వెళ్ళిపోయే ముందైనా బండి నన్ను భయపెట్టడం మానేసింది.

వేళకి తిను.

అమ్మమ్మ


జూలై 5

అమ్మమ్మా,

ఇది మామయ్యకి చదివి వినిపించు. వినకపోతే చేతికిచ్చి నువ్వు గదిలోంచి వెళ్ళిపో.

బండి అమ్మొద్దు. నేను వచ్చేదాకా జనంతో ఎగువ రోడ్డు ఎక్కించొద్దు. అలాగే నడిపితే వాల్వు కాలిపోతుంది.

చప్పుడు ఆగిపోవడమే జబ్బు, అమ్మమ్మా. ఇంజిన్ తలలో చిన్న తలుపులుంటాయి, వాటినే వాల్వులంటారు. ఒక్కో తలుపునీ ఒక ఇనుప వేలు వచ్చి తెరుస్తుంది. తలుపు మూసుకుని ఉన్నప్పుడు ఆ వేలికీ తలుపుకీ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. సందు దాటి వచ్చి తగులుతుంది కాబట్టే టక్‌మంటుంది. నీకు దడ పుట్టించిన ఆ టకటక, ఇంజిన్ బాగున్నానని చెప్పే మాట.

పెట్రోలు తడిగా వచ్చి ఆ తలుపుల గడపలని కాపాడేది. గ్యాసు పొడిగా వస్తుంది. పాత ఇంజిన్లలో ఆ గడప మెల్లగా అరుగుతుంది. అరిగినకొద్దీ తలుపు ఇంకా లోతుకి దిగుతుంది, దాని తోక వెనక్కి జరిగి వేలికి ఆనుకుంటుంది. సందు పోయింది, చప్పుడు పోయింది. ఇంజిన్ వేడెక్కితే ఇనుము సాగుతుంది. అప్పుడిక తలుపు పూర్తిగా మూసుకోదు, ఓరగా తెరుచుకునే ఉంటుంది. ఎంత నొక్కినా ఆ ఓరలోంచి బలమంతా జారిపోతుంది. మొదటి విడత బాగా ఎక్కి రెండో విడత ఎక్కలేకపోవడం అందుకే. నీ ఇనుముకి అలసట కాదు, వేడి.

నేను ఇక్కడ అంకెలు చూస్తూ కూర్చుంటాను, చెవులు మూసుకుని. ఏ బండి గురించైనా అందరం అడిగేది ఒకటే, ఏదైనా చప్పుడు వస్తోందా అని. ఏదైనా చప్పుడు ఆగిపోయిందా అని ఎవరం అడగం. నువ్వు ఆ మాట మొదటి ఉత్తరంలోనే రాశావు. నీ దిగుళ్ళన్నీ శ్రద్ధగా చదివాను గానీ, నువ్వు సంతోషించిన ఒక్క ముక్కనీ దాటేశాను.

సందు సరిచేస్తే చాలా, తలుపులు మార్చాలా అన్నది విప్పి చూస్తేగానీ తెలియదు. ముందే చూశాం కాబట్టి ఆశ ఉంది. మాట ఇవ్వలేను. సెలవు అడిగాను, తేదీ రాస్తాను. సందు కొలిచే సన్నటి రేకులు నేను తెస్తాను. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. కొలిచే ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఎవరూ తాళంచెవి తిప్పకూడదు.

పిచ్చుక

మళ్ళీ రాస్తున్నాను: సెలవు దొరికింది. ఇరవయ్యో తేదీ, ఆదివారం, పొద్దున మొదటి బస్సుకి దిగుతాను. అమ్మేసిన బండిని చూడ్డానికి రావడం నాకిష్టం లేదు. కొనేవాడికి మామయ్య ఏం చెబుతాడో నువ్వే రాయి.


జూలై 11

పిచ్చుకా,

అందరి ఆరోగ్యాలూ తర్వాత అడుగుతాను. ముందు నన్ను తిట్టుకో.

నీ ఉత్తరం విప్పగానే నా కళ్ళు ‘కాలిపోతుంది’ అన్న మాట మీద పడ్డాయి. ఆ తర్వాత ఒక్క అక్షరం కనిపించలేదు. బండి వాకిట్లో ఉంది. నేను అరిచిన అరుపుకి ఎదుటి మేడ మీద పనివాళ్ళు తాపీలు కింద పెట్టేశారు. మీ అత్తయ్య బకెట్టుతో నీళ్ళు తెచ్చింది. మీ మామయ్య లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి, ‘ఎక్కడ? ఎక్కడ?’ అని బండి చుట్టూ తిరిగాడు. పొగ లేదు, మంట లేదు. ‘ఎవరు చెప్పారమ్మా కాలిపోతోందని?’ అన్నాడు. ఉత్తరం చేతికిచ్చాను. నువ్వు చెప్పినట్టే గదిలోంచి వెళ్ళిపోదామనుకున్నాను గానీ మేం వాకిట్లో ఉన్నాం, ఎటు వెళ్ళను?

అక్కడే నిలబడి చదివాడు. నీ ఉత్తరం వాడు తన చేత్తో పట్టుకుని చదవడం ఇదే మొదలు. మొదట నిలబడి, తర్వాత బండి మెట్టు మీద కూర్చుని. మీ అత్తయ్య బకెట్టు పట్టుకుని అలాగే ఉంది.

‘అమ్మా, ఆ టకటక ఎప్పుడు తగ్గడం మొదలైంది?’

‘నాకేం తెలుసురా, నేను సంతోషించిన రోజులు లెక్కపెట్టుకోలేదు.’

‘ఎగువ రోడ్డులో ఆగడానికి ముందా, తర్వాతా?’

ఆలోచించాను. ముందే, పిచ్చుకా. ముందే తగ్గింది. ఆ మాట చెప్పగానే వాడు లేచి సీటు ఎత్తి స్టార్టు చేశాడు. ముగ్గురం ఇంజిన్ మీద తలలు వంచి విన్నాం. ఏమీ వినిపించలేదు, మెత్తగా తిరుగుతోంది. ఇన్నాళ్ళూ ఆ మెత్తదనం వింటే నాకు ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు అదే వింటుంటే పసిపిల్ల ఏడుపు మానేసి కళ్ళు తేలేసినట్టు అనిపించింది. వాడు వెంటనే ఆపేశాడు.

‘మెకానిక్ కుదురుకుందన్నాడు, కొనేవాడు నెమ్మదస్తురాలన్నాడు, నువ్వు నీ మొర విన్నారన్నావు. నేనూ మురిశాను’ అన్నాడు. తర్వాత కాసేపటికి, ‘చెవులు మూసుకుని పనిచేసే పిల్లకి ఇంత దూరం నుంచి వినిపించిందే’ అన్నాడు. తిట్టో మెచ్చుకోలో నువ్వే తేల్చుకో.

కొనేవాడికి కబురు పెట్టాడు. జబ్బు సంగతి దాచకుండా చెప్పాడట. ‘బాగైతే అమ్మను, బాగవకపోతే నువ్వు కొనవు, కాబట్టి ఇరవయ్యో తేదీ దాటాక మాట్లాడుకుందాం’ అన్నాడట. ఆసుపత్రి ఆయన ఈలోగా వేరే బండి పెట్టుకున్నాడు, నెలాఖరు దాకా మాత్రమేనట. మెకానిక్ వచ్చి నీ ఉత్తరం చదివించుకున్నాడు. ‘నేను టైమింగు దగ్గరే ఆగిపోయాను పెద్దమ్మా, మీ మనవరాలు వచ్చినప్పుడు నన్నూ పిలవండి, పక్కన నిలబడి చూస్తాను’ అన్నాడు.

నాకు దిగుళ్ళు తీరలేదు. తలుపు ఇప్పటికే కాలిపోయి ఉంటే? విప్పాక మరమేకు ఒకటి మిగిలితే? మొదటి బస్సు ఆలస్యమైతే? ఇవి నాకు మామూలే. కానీ ఒక కొత్త సంగతి చూశాను. ఇప్పుడు దిగులు వెనకే చూడాలన్న ఆత్రం కూడా వస్తోంది. వెంట్రుకంత సందు అంటే ఎంత? వెంట్రుకల్లో లావువీ సన్నవీ ఉంటాయి కదా, నాదా, నీదా? నువ్వు తెచ్చే రేకు నా చేతికిస్తావా, నేనూ ఒకసారి దూర్చి చూస్తాను. నా పెద్ద కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాను. ఆ గడపలు గట్టివి వేస్తే మళ్ళీ అరగవా? కొత్త బళ్ళకి ముందే వేస్తారా? ఇవన్నీ కూర్చుని అడగాలి, ఉత్తరంలో చాలవు.

మీ అమ్మని బకెట్లు మొయ్యొద్దను. మీ నాన్నని మిగతా మందు కూడా తాగమను. టీచరమ్మని నీ కిటికీ చూస్తూ ఉండమను. మీ ఇంజిన్‌ని విప్పినవాళ్ళలో ఎవరైనా ఒకసారి చెవి మూతలు తీసి వినమను.

నువ్వు రాసినట్టే, ఇరవయ్యో తేదీ, ఆదివారం, మొదటి బస్సు. ఎప్పుడొచ్చినా బస్సు స్టాండు నుంచి నిన్ను బండిలోనే తెచ్చేవాడు కదా మీ మామయ్య, ఈసారి బండి తేడట. శనివారం మధ్యాహ్నం నుంచి బండి ముట్టుకోకూడదని తాళంచెవి నా పెట్టెలో పెట్టించాడు. నీ సంచి మోయడానికి ఆదివారం తెల్లవారుజామునే లేచి నడిచి వస్తానన్నాడు.

ఎదురుచూస్తూ,
అమ్మమ్మ